చిరుగునకు మాసిక : కంప్యూటరు భద్రతను గూర్చి కొన్ని మాటలు

చిరిగిన వస్త్రమునకు వేయు అతుకును తెలుగువారు మాసిక యందురు. ఉర్దూలో దానిని పైవంద్ అందురు. మన నగరమున రెండు భాషలవారికిని ఉమ్మడియైన మరియొక మాట కలదు. అది రఫూ. మాసిక వేయువాడు వేరొక గుడ్డముక్కను తెచ్చి చిరుగుపై కుట్టును. రఫూ చేయువాడు అదే బట్టనుండి తీసిన పోగులతో, అదే నేతను అనుసరించి, చిరిగిన చోటును తిరిగి నేయును. కంప్యూటరు శాస్త్రములో వినవచ్చు 'ప్యాచ్' అను మాటకు మూలార్థము మాసికయే. తొలినాటి కంప్యూటర్లకు ఆదేశములను రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీల ద్వారా అందించెడివారు. ఒక ఆదేశము తప్పైనచో ఆ రంధ్రముపై చిన్న కాగితపుముక్కను అంటించి, సరియైన చోట మరల రంధ్రము పొడిచెడివారు. ఆ కాగితపుముక్కయే ప్యాచ్. కాగితపు పట్టీలు పోయినవి. మాట మాత్రము నిలిచినది.

మన తూర్పు హైదరాబాదునకు కంప్యూటరు క్రొత్త చుట్టము కాదు. నాచారమునకు కొలది దూరమున 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1969లోనే టి.డి.సి.-12 అను స్వదేశీ కంప్యూటరును రూపొందించినది. ఉప్పల్ మార్గమున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుండి ఉన్నది. ఆ దినములలో కంప్యూటరు ఒక పెద్ద గదిని ఆక్రమించి, కొందరు నిపుణుల కనుసన్నలలో మెలగెడిది. నేడు అంబర్‌పేటలోని ఇంటర్నెట్ కేంద్రమునందును, రామంతపూరు మందుల దుకాణమునందును, నాచారము పారిశ్రామికవాడలోని చిన్న కర్మాగారపు లెక్కలగదియందును అది కానవచ్చును. మన విద్యార్థి ఉపకారవేతనమునకు దరఖాస్తు నింపునది అట్టి యంత్రముపైననే. అతని ఆధార్ కార్డు ప్రతి, తండ్రి ఆదాయ ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా సంఖ్య ఆ యంత్రము గుండానే పోవును. ఆ యంత్రము ఎంత భద్రమో ఆ వివరములును అంతే భద్రము. ఆ భద్రత ఎట్లు చేకూరునో, ఎట్లు చెడునో వివరించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ప్యాకేజి యననేమి?

కంప్యూటరు యంత్రభాగములకును మనము వాడు కార్యక్రమములకును నడుమ నిలిచి, జ్ఞాపకస్థానమును, డిస్కును, తెరను, నెట్‌వర్కును అందరికిని పంచిపెట్టు పెత్తనదారు ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, లైనక్స్ మొదలగునవి ఇట్టివి. చూచువారికి ఇది ఏకఖండముగా తోచును గాని, నిజమునకు అది వేలకొలది చిన్న చిన్న భాగముల కూర్పు. లైనక్స్ ప్రపంచమున ఈ భాగములను ప్యాకేజీలందురు. ఒక ప్యాకేజిలో కార్యక్రమము, దాని అమరికలు, అది ఆధారపడు ఇతర ప్యాకేజీల పట్టిక ఉండును. 2023 జూనులో వెలువడిన డెబియన్ 12 అను లైనక్స్ పంపిణీలో 64,000కు పైగా ప్యాకేజీలు కలవు.

ఈ ప్యాకేజీలు ఒకదానిపై నొకటి ఆధారపడి యుండును. రహస్యలిపిలో సమాచారమును మార్చు పనిని ప్రతి కార్యక్రమమును స్వయముగా చేయదు. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. వంటి ఒక గ్రంథాలయమును పిలిచి ఆ పని అప్పగించును. వందలకొలది కార్యక్రమములు ఆ ఒక్క గ్రంథాలయమును నమ్ముకొని యుండును. కావున అందొక లోపమున్నచో అది వందల కార్యక్రమముల లోపమగును. అచ్చోట ఒక మాసిక వేసినచో వందల కార్యక్రమములు ఒక్కమారుగా బాగుపడును. కలిసి యుండుటలోని కష్టమును సుఖమును ఇదియే.

లోపము ఎట్టిది?

కార్యక్రమములలో తప్పులు సహజము. లెక్క తప్పు వచ్చుట, తెర స్తంభించుట మొదలగునవి సామాన్యదోషములు. అయితే కొన్ని తప్పులు పరాయివానికి తలుపు తెరచును. వానినే భద్రతాలోపము లనుచున్నాము. ఒక ప్రసిద్ధోదాహరణమును చూతము.

2014 ఏప్రిల్ 7వ తేదీన 'హార్ట్‌బ్లీడ్' అను లోపము లోకమునకు వెల్లడియైనది. దానిని గూగుల్ సంస్థలోని నీల్ మెహతాయును, ఫిన్లాండు దేశపు కోడెనామికాన్ సంస్థవారును ఎవరికి వారే కనుగొనిరి. అది పైన చెప్పిన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. గ్రంథాలయమున 2012 మార్చి నుండి ఉన్నది. రెండు కంప్యూటర్లు మాటలాడుకొనుచున్నపుడు, అవతలివాడు ఇంకను ఉన్నాడో లేడో తెలిసికొనుటకు ఒక చిన్న మాటను పంపి, దానినే తిరిగి పంపుమని అడుగుట పద్ధతి. ఆ మాటతోపాటు దాని పొడవును కూడ తెలుపవలెను.

ఒకడు కార్యాలయమునకు వచ్చి గుమాస్తాతో, "అయ్యా, నేను చెప్పిన మాటను మీ పుస్తకములో వ్రాసికొని తిరిగి చదివి వినిపింపుడు. అది 500 అక్షరముల మాట" అని చెప్పి, మూడక్షరముల మాటను మాత్రమే పలికినాడనుకొందము. ఆ గుమాస్తా అక్షరములు లెక్కించు అలవాటు లేనివాడైనచో, పుస్తకములో తాను వ్రాసిన మూడక్షరములతో ఆరంభించి, ప్రక్కనున్న ఇతరుల వివరములను కూడ 500 అక్షరముల వరకు చదివి వినిపించును. హార్ట్‌బ్లీడ్ లోపము సరిగా ఇట్టిదే. ఒక్కొక్క పర్యాయము 64 కిలోబైట్ల వరకు సర్వరు జ్ఞాపకస్థానములోని సమాచారము బయటకు పోయెడిది. అందు ఇతరుల రహస్యపదములు ఉండవచ్చును. సర్వరుయొక్క రహస్యపు తాళముచెవియే ఉండవచ్చును. దొంగతనము జరిగిన జాడ సైతము మిగులదు. దీనికి వేసిన మాసిక మిక్కిలి చిన్నది. చెప్పిన పొడవు, వచ్చిన మాట పొడవును మించినచో ఆ కోరికను మన్నింపకుము అను పరీక్ష మాత్రమే.

మాసిక మన యంత్రమును చేరు మార్గము

లోపమును కనుగొన్న సజ్జనుడు దానిని వెంటనే చాటింపు వేయడు. ముందుగా ఆ కార్యక్రమమును వ్రాసినవారికి గుట్టుగా తెలుపును. లోపమునకు ఒక సంఖ్య కేటాయింపబడును. 1999 నుండి అమలులోనున్న ఈ పద్ధతిని సి.వి.ఇ. అందురు. హార్ట్‌బ్లీడ్ సంఖ్య 2014-0160. అందు మొదటి భాగము సంవత్సరము, రెండవది వరుస సంఖ్య. ఒకే లోపమును దేశమునకొక పేరుతో పిలిచి గందరగోళపడకుండ ఈ సంఖ్య కాపాడును. లోప తీవ్రతను సున్న నుండి పది వరకు కొలుచు కొలమానము కూడ కలదు. పిమ్మట మాసిక సిద్ధమగును. ముఖ్యమైన పంపిణీలవారు తమ తమ ప్యాకేజీలను సిద్ధపరచుకొనుటకు కొలది దినములు గడువిచ్చి, ఒక నిర్ణీత దినమున అందరును ఒకేమారు ప్రకటించుట పరిపాటి.

ఇచ్చట మాసికకును రఫూకును గల భేదము అక్కరకు వచ్చును. హార్ట్‌బ్లీడ్ లోపమును సరిదిద్ది ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. వారు 1.0.1జి అను క్రొత్త కూర్పును విడుదల చేసిరి. నాటి డెబియన్ 7లో ఉన్నది 1.0.1ఇ. డెబియన్ వారు క్రొత్త కూర్పును తీసికొనలేదు. దానియందలి దిద్దుబాటు పంక్తులను మాత్రము గ్రహించి, తమ పాత 1.0.1ఇ కూర్పులోనే నేసి, చివర ఒక చిన్న గుర్తును చేర్చిరి. ఎందుకనగా క్రొత్త కూర్పులో దిద్దుబాటుతోపాటు ఇతరములైన మార్పులును ఉండును. వాని వలన ఇదివరకు చక్కగా నడచుచున్న పనులు ఆగిపోవచ్చును. బట్ట మారలేదు, చిరుగు మాత్రము పూడినది. ఇది రఫూ. ఈ విషయమెరుగనివారు కూర్పు సంఖ్యను మాత్రము చూచి, "పాత కూర్పు, కనుక లోపభూయిష్టము" అని పొరబడుదురు. చివరనున్న గుర్తును చూచినగాని నిర్ణయింపరాదు.

సిద్ధమైన ప్యాకేజీలకు పంపిణీవారు తమ డిజిటల్ ముద్రను వేయుదురు. మన యంత్రము ఆ ముద్రను పరీక్షించి, సరిపోలినచో మాత్రమే ప్యాకేజిని స్వీకరించును. దారిలో ఎవరైన ఒక్క అక్షరమును మార్చినను ముద్ర చెల్లదు. డెబియన్, ఉబుంటు యంత్రములలో 'ఆప్ట్' అను కార్యక్రమము ఈ పనులన్నిటిని నెరవేర్చును. 'ఆప్ట్ అప్‌డేట్' అను ఆదేశము క్రొత్త పట్టికను మాత్రము తెచ్చును. 'ఆప్ట్ అప్‌గ్రేడ్' అను ఆదేశము ప్యాకేజీలను మార్చును. మొదటిది చేసి రెండవది మరచువారు, మందుల చీటి వ్రాయించుకొని మందు కొనని రోగివంటివారు.

ఇంకొక మెలకువ కలదు. డిస్కుపై క్రొత్త ప్యాకేజి చేరినను, అప్పటికే నడచుచున్న కార్యక్రమము తన జ్ఞాపకస్థానమునందలి పాత ప్రతితోనే పనిచేయుచుండును. దానిని ఆపి మరల ఆరంభించు వరకు లోపము తొలగినట్లు కాదు. వ్యవస్థకు గుండెకాయవంటి కెర్నెల్ మారినపుడు సాధారణముగా యంత్రమునే ఆపి మరల ప్రారంభింపవలెను. హార్ట్‌బ్లీడ్ విషయమున ఇదియును చాలలేదు. తాళముచెవి ఇదివరకే దొంగల పాలై యుండవచ్చును గనుక, దానినే మార్చవలసి వచ్చినది.

ఆలస్యమునకు మూల్యము

మాసిక వెలువడిన దినమునుండి ఒక పందెము ఆరంభమగును. మాసికకు పూర్వమున్న కార్యక్రమమును, తరువాతి కార్యక్రమమును ప్రక్కప్రక్కన పెట్టి పోల్చినచో, లోపమెచ్చటనున్నదో నేర్పరియగు దొంగకు ఇట్టే తెలిసిపోవును. అనగా మందు వెలువడిన దినముననే వ్యాధి చిరునామాయును వెలువడును. మాసిక వేసికొన్నవాడు క్షేమము. వేసికొననివాడు నిన్నటికంటె నేడు ఎక్కువ ప్రమాదమున నుండును.

దీనికి తెలుగునేలపై జరిగిన ఉదాహరణము 2017 నాటిది. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంవత్సరము మార్చి 14వ తేదీన విండోసులోని ఒక లోపమునకు ఎం.ఎస్.17-010 అను మాసికను విడుదల చేసినది. ఒకే నెట్‌వర్కుపైనున్న కంప్యూటర్లు ఫైళ్ళను పంచుకొనుటకు వాడు పాత పద్ధతిలో ఆ లోపమున్నది. ఏప్రిల్ 14వ తేదీన షాడో బ్రోకర్స్ అను పేరుగల ముఠా ఆ లోపమును వాడుకొను సాధనమును బహిరంగపరచినది. మే 12వ తేదీన 'వాన్నక్రై' అను దుష్టకార్యక్రమము లోకముపై విరుచుకొనిపడినది. మాసికకును దాడికిని నడుమ 59 దినములు గడచినవి. అయినను 150 దేశములలో 2,00,000కు పైగా కంప్యూటర్లు దాని వాతబడినవి. బ్రిటనులోని ప్రభుత్వ వైద్యశాలలు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చినది. మన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలోని కొన్ని కంప్యూటర్లు దీని పాలైనట్లు నాడు పత్రికలు ప్రకటించినవి.

ఈ కార్యక్రమము ఫైళ్ళనన్నిటిని రహస్యలిపిలోనికి మార్చి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయినులు చెల్లించినగాని విడువనని తెరపై వ్రాయును. దీని ఘోరత మరియొకటి కలదు. ఎవరును ఏ ఉత్తరమును తెరువనక్కరలేదు, ఏ మీటను నొక్కనక్కరలేదు. ఒక యంత్రము చిక్కినచో అదే నెట్‌వర్కుపైనున్న మాసికలేని యంత్రములను తానే వెదకి పట్టుకొనును. చెరువుకట్ట ఎంత పొడవైనను, గండి ఒక్కచోట పడిన చాలును. ఒక ప్రయోగశాలలో నలుబది యంత్రములుండి, ముప్పదితొమ్మిదింటికి మాసిక వేసి, మూలనున్న ఒక్కదానిని మరచినచో, ఆ నలుబదియవ యంత్రమే శత్రువునకు దారి. అందలి ఫైళ్ళు మాత్రమే గాక, దానితో పంచుకొన్న ఫైళ్ళన్నియును పోవచ్చును.

జనులేల జాగుచేయుదురు?

దీనిని కేవలము సోమరితనమనుట న్యాయము కాదు. ఛత్తా బజారులోగాని, అంబర్‌పేట ప్రధాన వీధిలోగాని డి.టి.పి. దుకాణమునకు పోయి చూచినచో కారణము కనబడును. ఉర్దూ పుటలను ఇన్‌పేజ్‌లో కూర్చుదురు. తెలుగు పుటలను అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చుదురు. పేజ్‌మేకరు ఆఖరి కూర్పు 2001 నాటిది. ఆ కార్యక్రమములు క్రొత్త విండోసులో తిన్నగా నడువవను భయముచేత, పాత విండోసుగల యంత్రమును ప్రాణప్రదముగా కాపాడుకొందురు. మన సంచికవంటి ద్విభాషా సంచికలు, పెండ్లి శుభలేఖలు, మదర్సా పాఠ్యపుస్తకములు అన్నియును అట్టి యంత్రములనుండి వెలువడినవే. విండోస్ ఎక్స్.పి.కి సంస్థ పరిరక్షణ 2014 ఏప్రిల్ 8తోను, విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి సాధారణ పరిరక్షణ 2025 అక్టోబరు 14తోను ముగిసినవి. దినవెచ్చము దినమే సంపాదించుకొను దుకాణదారుని క్రొత్త యంత్రము కొనుమని ఉపదేశించుట సులభము. వాని స్థితిలో నుండి ఆచరించుట కష్టము.

అట్లని ప్రమాదము లేదనుకొనరాదు. మా ఉర్దూ విభాగపు మిత్రులకు ఆశ్చర్యము గొలుపు సంగతి యొకటి కలదు. 2016 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థ పరిశోధకులు, ఇన్‌పేజ్ కార్యక్రమమునందలి ఒక లోపమును వాడుకొని ఆసియా, ఆఫ్రికా ఖండములలోని బ్యాంకులపై దాడులు జరిగినట్లు వెల్లడించిరి. పంపినది సాధారణమైన ఇన్‌పేజ్ పత్రమువలెనే యుండును. తెరచిన మాత్రమున లోపలి దుష్టకార్యక్రమము మేలుకొనును. ఉర్దూ వ్రాతలను ఎవరు పట్టించుకొందురు, మనవంటి చిన్నవారిజోలికి ఎవరు వత్తురు అను ధీమా చెల్లదని దీనివలన తెలియుచున్నది. భాష చిన్నదైనను పెద్దదైనను, ఆ భాషను వాడువారివద్ద దోచుకొనదగినదేదో ఉన్నదని దొంగకు తెలియును.

తొందరపాటునకు మూల్యము

జాగుచేయువారికి మరియొక కారణము కూడ కలదు. మాసికయే కొంప ముంచునేమో యను భయమది. ఈ భయము నిరాధారము కాదు. 2024 జూలై 19వ తేదీన, మన కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు, క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ తన కార్యక్రమమునకు ఒక చిన్న ఫైలును ప్రపంచమంతటికి ఒక్కమారుగా పంపినది. అందలి దోషము వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెరతో నిలిచిపోయినవి. 78 నిమిషములలో సంస్థ ఆ ఫైలును వెనుకకు తీసికొనినను, అప్పటికే పడిపోయిన యంత్రములలో పెక్కింటిని మనుష్యులు స్వయముగా ఒక్కొక్కటిగా లేపవలసి వచ్చినది. మన శంషాబాదు విమానాశ్రయమున నాడు ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగు పాసులను ఇచ్చిరి. దాడి చేసినవాడెవడును లేడు. కాపలావాడే కాలుజారి పడినాడు.

అంతకు మునుపే మరియొక పాఠము జరిగినది. 2006లో డెబియన్ వారు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ప్యాకేజిని సవరించుచు, ఒక పరీక్షా సాధనము తప్పుగా చూపిన పంక్తిని తొలగించిరి. ఆ పంక్తియే తాళముచెవులకు అనూహ్యతను కల్పించునది. తత్ఫలితముగా ఒక్కొక్క రకమునకు సుమారు 32,000 తాళముచెవులు మాత్రమే పుట్టునట్లయినది. దొంగ అన్నిటిని ముందే తయారుచేసి పెట్టుకొనవచ్చును. ఈ సంగతి 2008 మే 13న గాని బయటపడలేదు. రఫూ చేయబోయి నేతనే తెంపుట యనగా ఇదియే.

2024 మార్చి 29న వెల్లడియైన ఎక్స్.జెడ్. ఉదంతము ఇంకను విచిత్రము. ఫైళ్ళను కుదించు ఆ చిన్న ప్యాకేజిని నిర్వహించువారిలో ఒకడుగా చేరి, రెండు సంవత్సరములకు పైగా నమ్మకము సంపాదించి, ఒక మారుపేరుగల వ్యక్తి 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగదారిని అమర్చినాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదేమి యని ఆరా తీసి దానిని పట్టుకొనెను. ఆ కూర్పులు అప్పటికి ప్రధానముగా పరీక్షాదశలోనున్న పంపిణీలను చేరినవి. డెబియన్ వారి స్థిరమైన పంపిణీని చేరలేదు. క్రొత్తది కనబడగనే ఎగబడని నిదానము లోకమును కాపాడినది.

అట్లయిన ఏమి చేయవలెను? త్వరపడవలెనా, నిదానింపవలెనా?

మా అభిప్రాయమున ఈ రెండును రెండు వేరు పనులకు చెందినవి. భద్రతా దిద్దుబాటు వేరు, క్రొత్త హంగుల కూర్పు వేరు. మొదటిదానియందు త్వరపడవలెను. రెండవదానియందు నిదానింపవలెను. మరియు ఈ రెండు నష్టములును సమానములు కావు. చెడ్డ మాసిక ఒకటి రెండు దినములు పనిని ఆపును. కాని సాధారణముగా ఫైళ్ళు అచ్చటనే యుండును, వెనుకకు మరలుటకు వీలుండును. పూడ్చని లోపము ద్వారా పోయిన ఆధార్ వివరము మరల మన చేతికి రాదు. ఎదుటివాని చేతిలో బడినది ఎన్నటికిని రహస్యము కాదు. కావున సందేహము కలిగినపుడు త్రాసు మాసికవైపే మొగ్గవలెను. ఆ మొగ్గును జాగ్రత్తతో మొగ్గవలెను.

ప్రయోగశాలలో ఆచరింపదగిన క్రమము

నలుబది యంత్రములున్న ప్రయోగశాలను ఉదాహరణముగా తీసికొందము. మొదట ఒక పుస్తకములో ప్రతి యంత్రము పేరు, దానియందలి ఆపరేటింగ్ సిస్టమ్, దాని పరిరక్షణ ముగియు తేదీ వ్రాయవలెను. ఉన్నదేదో తెలియనివాడు దేనిని కాపాడగలడు?

రెండవది, వారమునకొక గంటను ఈ పనికై నియమింపవలెను. భారత ప్రభుత్వమున 2004 నుండి పనిచేయుచున్న సెర్ట్-ఇన్ అను సంస్థయును, ఆయా పంపిణీలవారును ప్రకటించు హెచ్చరికలను ఆ గంటలో చదువవలెను.

మూడవది, దిద్దుబాటును ముందుగా రెండు యంత్రములపై వేసి ఒక దినము పరిశీలింపవలెను. తరువాత పది యంత్రములు, ఆ తరువాత మిగిలినవి. క్రౌడ్‌స్ట్రైక్ వంటి ఉపద్రవము వచ్చినను అప్పుడు రెండు యంత్రములే నిలిచిపోవును. లోపము ఇదివరకే దుర్వినియోగమగుచున్నదని తెలిసినచో ఈ గడువును గంటలకు కుదింపవలెను.

నాల్గవది, నెట్‌వర్కు వ్యయము. ఒక నెల దిద్దుబాట్లు యంత్రమునకు 300 మెగాబైట్లనుకొన్నచో, నలుబది యంత్రములు విడివిడిగా తెచ్చుకొనుటకు 12,000 మెగాబైట్లు కావలెను. ఒక యంత్రమును ఉమ్మడి నిలువగదిగా ఏర్పాటుచేసినచో ఒక్కొక్క ప్యాకేజియు బయటినుండి ఒక్కమారే వచ్చును. మిగిలిన యంత్రములు దానినుండి పంచుకొనును.

ఐదవది, ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసి, ఆ డిస్కును యంత్రమునుండి విడదీసి భద్రపరచవలెను. తగిలించియుంచిన నకలును వాన్నక్రై వంటిది అసలుతోపాటే మ్రింగివేయును.

మాసిక వేయుటకు వీలులేని డి.టి.పి. యంత్రముల సంగతి యేమి? వానిని ఇంటర్నెట్టునుండి వేరుచేయవలెను. వచ్చిన పెన్ డ్రైవును ముందుగా వేరొక సురక్షిత యంత్రముపై పరీక్షించి ఫైలును ఇవ్వవలెను. క్రమముగా పాత ఫాంట్లలోని పాఠములను యూనికోడునకు మార్చుకొన్నచో తెలుగునకు, ఉర్దూకు కూడ ఏ క్రొత్త యంత్రమైనను పనికివచ్చును. ఇందులకు ధనముకంటె ఓపిక ఎక్కువ కావలెను. మన విద్యార్థులు సెలవులలో చేయదగిన సేవ ఇది. లైనక్స్ పంపిణీలు వెలలేనివి. వాని దిద్దుబాట్లును వెలలేనివే. పాత యంత్రములలో పెక్కు వానితో మరికొన్ని సంవత్సరములు క్షేమముగా నడువగలవు.

మాసిక సర్వరోగనివారిణి కాదు. 2022 జనవరిలో మన నగరమునందలి మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము అపహరింపబడినపుడు, దొంగలు ప్రవేశించినది ఉద్యోగులకు పంపిన మోసపు ఈమెయిళ్ళ ద్వారా నని పోలీసు దర్యాప్తులో తేలినది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. తలుపునకు గడియ బాగుచేయించి, తాళముచెవిని అడిగినవానికి ఇచ్చినచో ఫలమేమి? రహస్యపదముల విషయమునను, తెలియని ఉత్తరముల విషయమునను జాగ్రత్త ఎప్పటికిని వలయును.

కళాశాల సంఘమువారికి మనవి

ఈ పని పండినపుడు ఎవరికిని కనబడదు. దిద్దుబాటు వేసిన ప్రయోగశాలలో ఏమియు జరుగదు. ఏమియు జరుగకపోవుటయే దాని ఫలము. అందువలననే వార్షిక ఆదాయవ్యయ పట్టికలో క్రొత్త యంత్రములకు స్థానము దొరకును గాని, ఉన్న యంత్రముల సంరక్షణకు దొరకదు. క్రొత్త యంత్రములను ప్రారంభోత్సవముతో స్వీకరింతుము. మాసికకు ప్రారంభోత్సవము లేదు. అయినను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము, తమవద్దనున్న ప్రజల వివరములను కాపాడుటకు తగు జాగ్రత్తలు తీసికొనని సంస్థలపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించినది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశములు, దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటలలో నివేదింపవలెనని విధించినవి. చట్టభయము అటుంచినను, ఉపకారవేతనపు గడువు రేపు ముగియుననగా నేడు ప్రయోగశాల నిలిచిపోయినచో, నష్టపోవునది ఇంట కంప్యూటరు లేని విద్యార్థియే. ఉన్నవాడు ఇంటినుండి పని ముగించుకొనును.

కావున మేము కోరునవి మూడు. ఈ పనికి ఒక బాధ్యుని పేరు వ్రాతమూలకముగా నిర్ణయింపవలెను. వారమునకొక గంట కాలపట్టికలో చేర్చవలెను. నకళ్ళకై రెండు డిస్కులను కొనియీయవలెను. ఇద్దరు ముగ్గురు విద్యార్థులను ప్రతి సంవత్సరము ఆ గంటలో తోడుగా నియమించినచో, వారు నేర్చినది వారి జీవనోపాధికిని అక్కరకు వచ్చును. ఉప్పల్‌లోని సాఫ్ట్‌వేరు కార్యాలయములలో నేమి, నాచారము కర్మాగారములలో నేమి, ఈ పని తెలిసినవానికి పని దొరకును. అంతకంటె ముఖ్యముగా, తమ పేటలోని ఇంటర్నెట్ కేంద్రమునకో, మామయ్యగారి దుకాణమునకో, పొరుగింటి చిచ్చా డి.టి.పి. గదికో పోయి, వారి యంత్రముల చిరుగులను చూచి చెప్పగలవారు మన వాడలలో కొందరైన తయారగుదురు. విద్యార్థులును, సంఘ సభ్యులును ఈ విషయమును రాబోవు విద్యాసంవత్సరమునకు ముందే ఆలోచింతురని ఆశించుచున్నాము.